గోగుపాలెం తొమ్మండుగురమ్మల సభ

గోగుపాలెంలో రైలు దిగి, మూతపడిన జూట్ మిల్లు గోడ వెంట నడిస్తే ఎర్ర ఇటుకల సంగీత మందిరం కనబడుతుంది. స్తంభాలు ఇనుపవి, కప్పు పెంకులది. లోపల కుర్చీలు ఉండవు. కచేరీకి వచ్చినవారు ఎంతటి పెద్దలైనా, చాప కూడా లేకుండా, వట్టి రాతి నేల మీద కూర్చోవాలి. గుమ్మం మీది పలకపై ఈ మందిరానికి వేరే పేరు చెక్కి ఉన్నది కాని, ఊరిలో ఎవరూ ఆ పేరు పలకరు. తొమ్మండుగురమ్మల సభ అని అడిగితేనే దారి చెబుతారు.

పూర్వం ఇక్కడ మిల్లువారి మగ్గాల షెడ్డు ఉండేది. వందల మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కమనిషి అరిచినా వినబడేది కాదు. అందులో పదేళ్లు పనిచేసినవారికి చెవులు పూర్తిగా పోయేవి. వారు పెదవుల కదలిక చూసి మాట గ్రహించేవారు. అరచేయి నేలకు ఆనించి ఇంజను నడుస్తున్నదో ఆగినదో చెప్పేవారు. ఒక వేసవి మధ్యాహ్నం గోగునార పీచుకు నిప్పంటుకున్నది. ప్రమాద గంట కొట్టారు. విన్నవారు, వారిని చూసి తక్కినవారు బయటపడ్డారు. చివరి వరుసలో, గోడవైపు తిరిగి నేస్తున్న తొమ్మండుగురు స్త్రీలకు ఆ గంట వినబడలేదు. పొగ వారిని చేరేసరికి దారి మూసుకుపోయింది.

కొన్నేళ్ల తరువాత యజమానులు ఆ నేల మీద బండలు పరిపించి ఈ మందిరం కట్టించారు. తొలి కచేరీకి ఫిడేలు విద్వాంసులు దూసి ధర్మయ్యగారిని పిలిపించారు. ఆయన వర్ణం మొదలుపెట్టగానే కాళ్ల కింద నేల అదరసాగింది. విరామం లేని ఒకే దెబ్బ. మృదంగం ఆ దెబ్బకు లొంగి తాళం తప్పింది. కుర్చీలలో కూర్చున్నవారికి ఏమీ తెలియలేదు. ధర్మయ్యగారు కచేరీ సగంలో ఆపివేశారు. యజమానులు కోపించి, మరునాడు పూర్తి చేయకపోతే మందిరాన్ని గిడ్డంగిగా మార్చివేస్తామన్నారు.

మరునాడు భోజనమైన పిమ్మట ఆయనకు కునుకు పట్టి కల వచ్చింది. జుట్టు నిండా నారపీచు అంటిన ఒక స్త్రీ మగ్గం ముందు నిలబడి ఉన్నది. ఆమె చేయి ఆగడం లేదు.

"సేతులు పడిపోతన్నాయి బాబూ. సిఫ్టు ఎప్పుడు దిగుతాది?" అని అడిగింది.

ఆయన అరిచి జవాబు చెప్పినా ఆమె మళ్లీ అదే అడిగింది.

మేలుకొని ధర్మయ్యగారు మందిరానికి వెళ్లారు. అక్కడి కాపలాదారు అసిరినాయుడు మునుపు ఆ షెడ్డులో నేసినవాడు, చెవిటివాడు. ధర్మయ్యగారు చెబుతుంటే ఆయన పెదవుల వంక చూస్తూ కలనంతా గ్రహించాడు.

"ఎడం సేతికి ఇత్తడి కడియం ఉన్నాదా బాబూ?"

"ఉన్నది."

"మా సన్యాసమ్మే. నా ఇంటిది. గంట కొట్టినారని ఆల్లకి ఇప్పటికీ తెల్దు. ఇంకా నేస్తన్నారు."

"మరి చెప్పేదెట్లా?"

"సెవికి కాదు బాబూ, సేతికి సెప్పాల."

ఆ సాయంకాలం ధర్మయ్యగారు కుర్చీలు తీయించి అందరినీ నేల మీద కూర్చోబెట్టారు. అదురు మొదలైనా ఆగక, దాని నడకకే తన నడక కలిపి వాయించారు. మంగళం కాగానే సభ అంతా అరచేతులతో నేలను తొమ్మిదిసార్లు చరిచింది. అసిరినాయుడు తూర్పు గుమ్మం తెరిచి, పక్కన కూర్చుని, నేలకు చేయి ఆనించాడు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. తరువాత పాదాలు కదిలాయి. ఎనిమిది మంది గుమ్మం దాటారు. తొమ్మిదో ఆమె అడుగులు వచ్చి అతని ముందు నిలిచాయి. అతను తల ఎత్తలేదు.

"ఎల్లు సన్యాసమ్మా. పని అయిపోనాది," అన్నాడు.

చాలాసేపటికి ఆ అడుగులు కూడా దాటాయి.

అయితే మరుసటి నెల కచేరీలో నేల మళ్లీ అదిరింది. ధర్మయ్యగారు దిగులుపడి, వారు మళ్లీ పనిలోకి వచ్చారా అని అడిగారు. అసిరినాయుడు అరచేయి ఆనించి చూశాడు. అతని ముఖం మారింది.

"మగ్గం కాదు బాబూ. మీ తాళమే. పాట ఇనడానికి ఒచ్చినారు."

మిల్లు మూతపడినా నేటికీ ప్రతి పౌర్ణమి సాయంకాలం ఇక్కడ కచేరీ జరుగుతున్నది. వినికిడి తగ్గినవారు, మాటరాని బిడ్డల తల్లులు దూరం నుండి వచ్చి నేలకు చేతులు ఆనించి కూర్చుంటారు. పల్లవి అందుకునే వేళకు కొన్ని బండలు ఒంటి వేడికి వస్తాయి. అట్టి చోట కూర్చున్నవారు కొద్దిగా పక్కకు జరగడం మర్యాద. పుట్టు చెవుడు గల పిల్లలు ఇక్కడ తప్పకుండా తాళం వేస్తారని, వారికి ఆ తల్లుల చల్లని చూపు ఉంటుందని పెద్దల నమ్మకం.

భక్తులకు ఒక్క మనవి. చరుపులు తొమ్మిది పడగానే లేవకండి. తూర్పు గుమ్మం మొదట వారిది. మీ అరచేతి కింద నేల నిశ్చలమైన పిమ్మట లేచి, నిదానంగా ఇళ్లకు వెళ్లండి.