మెతుకు మెతుకూ పట్టి చూసిన అన్నం

రాజుగారికి అనుమానం పుడితే తిప్పలన్నీ నౌకర్లకే. ఒకానొక రాజ్యంలో సరిగ్గా అదే జరిగింది, ఏం చెప్పను!

ఆ రాజు పేరు ఉద్దండవర్మ. వేటకెళ్ళి, అడవిపందిని చూసి చెట్టెక్కాడు పాపం. ఆ కబురు పొరుగు రాజ్యానికి పొక్కింది. "ఇది కోటలోవాళ్ళ పనే! ఇకమీదట నౌకర్ల ఉత్తరాలన్నీ విప్పి చదవాల్సిందే," అని హుకుం జారీ చేశాడు. ఆ చదివే పని, కొలువులో నలుగురినీ నవ్వించే ముసలి ఏకామ్రయ్య నెత్తిన పడింది.

చదివాడు. ఏం చేస్తాడు మరి! ఒకడి అత్తగారి కీళ్ళనొప్పులు, ఇంకొకడి ఆలుమగల తగవులు. వంటశాల పెద్ద పేరిందేవమ్మ కూతుర్ని అల్లుడు వదిలేసి పోయిన సంగతి, ఆవిడ కంటే ముందు ఇతనికే తెలిసింది. రాజద్రోహం మాత్రం మచ్చుకైనా దొరకలేదు. కళ్ళు లాగేస్తున్నాయి, సరే. ఇదివరకు వంటశాల అరుగు మీద అతనితో కబుర్లాడినవాళ్ళే, ఇప్పుడు అతను రాగానే నోళ్ళు మూసుకుంటున్నారు. దానికే అతని ప్రాణం విసిగిపోయింది.

చివరికి పేరిందేవమ్మ దగ్గరకెళ్ళి, "చెల్లెమ్మా, నీ ఇంటి గుట్టు చదివినవాణ్ణి. నీ మొహం చూడలేకపోతున్నాను. ఈ దిక్కుమాలిన పని వదిలించుకోవాలి, ఒక్క సాయం చెయ్యి," అన్నాడు.

మర్నాడు రాజు భోజనానికి కూర్చున్నాడు. ఎంతసేపటికీ అన్నం రాదు. తీరా వచ్చాక చూస్తే చల్లారిన ముద్ద!

"ఏమిటీ పిండిముద్ద?" అని గర్జించాడు.

"అన్నమే ప్రభూ," అన్నాడు ఏకామ్రయ్య. "ఉడికిందో లేదోనని మెతుకు మెతుకూ నలిపి చూశాం. ఏ మెతుకులో ఏ పలుకుందో!"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదటయ్యా?"

"చాలు ప్రభూ. మరి కొలువులో అందరి ఉత్తరాలూ నలిపించారేం?"

రాజు తడబడ్డాడు. "అయితే ఆ ఒక్క మెతుకూ చూడొద్దంటావా? పంది కబురు పొక్కలేదూ?"

"రాచపనుల ఉత్తరాలు చూడండి, చూస్తామని ముందే చెప్పి మరీ చూడండి. ఎవడి మీదైనా గట్టి అనుమానముంటే వాడిదొక్కటే చూడండి. ఇంటి ఉత్తరాల జోలి మనకెందుకు? ఇక పంది కబురంటారా... చెట్టు మీంచి మీరు పెట్టిన కేకలు పొరుగు రాజ్యం దాకా వినబడ్డాక, మళ్ళీ ఉత్తరం కూడానా ప్రభూ?"

రాజు ముందు గుడ్లురిమాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. హుకుం రద్దు చేసి, "ఏం కావాలో కోరుకో," అన్నాడు.

"ఈ పని నుంచి విడుదల ప్రభూ. అంతే చాలు."

ఆ సాయంత్రం ఏకామ్రయ్య కాళ్ళీడ్చుకుంటూ వంటశాల అరుగు దగ్గరకెళ్ళాడు. అలవాటు కొద్దీ అందరూ మాటలు ఆపేశారు. అతను వెనక్కి తిరగబోయాడు.

"ఆగు అన్నయ్యా," అంది పేరిందేవమ్మ, పక్కన చోటు చూపిస్తూ. "ఇలా కూర్చో. మా అమ్మాయి గురించి నీకు తెలియని కబురొకటి ఉంది. నేనే చెబుతాను."