ఏడు నీళ్ళు వార్చిన దురదగొండి పప్పు

అనగనగా ఒక రాజు. పేరు ధీరసేనుడు. మదపుటేనుగును ఒంటిచేత్తో ఆపిన మనిషికి కంపవాతం పట్టుకుంది. ముద్ద కలిపి ఎత్తేసరికి చెయ్యి వణికి మెతుకులన్నీ ఒళ్ళో రాలేవి. ఎవరో ఒకరు తినిపించొచ్చుగా అంటారేమో! గద్దెమీద ఉన్నవాడు ఒకరి చేతి ముద్ద తింటే గద్దె దిగాలని ఆ వంశంలో పాడు కట్టుబాటు. ఎదురుగా కంచం నిండా అన్నం ఉన్నా రాజు ఆకలితో చిక్కిపోతున్నాడు.

ఏడు సముద్రాల అవతల మాంత్రికుడి తోటలో దురదగొండి తీగ ఉందనీ, ఆ గింజల పప్పు తింటే వణుకు తగ్గుతుందనీ వైద్యుడు చెప్పాడు. పెద్దకొడుకు వెళ్ళాడు, కాయ ముట్టుకున్నాడు, గోక్కుంటూ తిరిగొచ్చాడు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ గోక్కుంటూనే వచ్చాడు. ఇక మూడోవాడు సుధన్వుడు బయల్దేరాడు.

వీడికి అసలే కాలు ఒకచోట నిలవదు. దొరికిందేమో తాబేలు వాహనం. ఇంకెంత దూరమని ఒక్కో సముద్రంలో నూరేసిసార్లు అడిగాడు. ఈపూట నాన్న నోట్లోకి నాలుగు మెతుకులైనా పోయాయో లేదో అని వాడి ప్రాణం కొట్టుకుంటోంది మరి. ఆ పోరు పడలేక తాబేలు, మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందన్న రహస్యం కూడా చెప్పేసింది.

తోటలో సింగారి అనే కొండపిల్ల ఎదురైంది. మాంత్రికుడు ఎత్తుకొచ్చి వంటకు పెట్టుకున్నాడు పాపం. ఆమె చెప్పినట్టు సుధన్వుడు దురద అంటకుండా చేతులకు పేడ పూసుకుని, కాయల నూగు దులిపి, పంజరంలో చిలక మీద చల్లాడు. చిలక గోక్కుంది. మేడమీద మాంత్రికుడూ గోక్కున్నాడు. రెండు చేతులూ గోకడానికే చాలక మంత్రదండం పారేశాడు. గింజలు తీసుకుపో, సింగారినీ వదిలేస్తాను, ఆ చిలకకు కాస్త పేడ రాయి నాయనా అని కాళ్ళమీద పడ్డాడు. చిలకకు పేడ రాసి, ఎందుకైనా మంచిదని పంజరంతో సహా పట్టుకొచ్చాడు సుధన్వుడు.

కోటలో గింజలు పొయ్యిమీద పెట్టారు. ఒక పొంగు రాగానే వాడు గిన్నె అందుకోబోయాడు. సింగారి చేతిమీద ఒక్కటి వేసింది.

"ఏడుసార్లు ఉడకాలి, ఏడు నీళ్ళు వార్చాలి. మా కొండమీద పసిపిల్లలకైనా తెలుసు. తొందరపడి పెట్టావంటే మీ నాన్నను నువ్వే మంచాన పడేస్తావు."

ఏడో నీళ్ళు వార్చేదాకా వాడు అన్నం ముట్టకుండా వంటింట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

మొదటిరోజు మెతుకులు రాలాయి. రెండోరోజు కొన్నే రాలాయి. మూడోరోజు రాజు ముద్ద కలిపి ఎత్తాడు. చెయ్యి వణకలేదు. అంత ఆకలిమీద ఉన్నవాడు ఆ ముద్ద తాను తినలేదు. "నా కోసం తిండి మానేసి తిరిగావు కదరా," అంటూ కొడుకు నోట్లో పెట్టాడు. సుధన్వుడు ఏడుస్తూ తిన్నాడు.

సింగారితో వాడి పెళ్ళి జరిగింది. రాజు గద్దె కూడా వాడికే ఇచ్చాడు. ఇద్దరూ చాలా ఏళ్ళు చల్లగా ఏలారు. గద్దె ఎక్కగానే వాడు చేసిన మొదటి పని ఆ కట్టుబాటు కొట్టేయడం. ఆ రాజ్యంలో చెయ్యి వణికినవాళ్ళెవరూ మళ్ళీ ఆకలితో పడుకోలేదు.