మస్తానయ్య రాయి

అనగా అనగా, కార్లకు ఇంకా సిగ్గూ ఎగ్గూ ఉన్న కాలంలో, ఏడుమలుపుల కనుమ కింద మస్తానయ్య అనే మెకానిక్కు ఉండేవాడు.

అప్పటి ఎండలు ఇప్పటిలాంటివి కావు. కోడి పెడితే ఉడికిన గుడ్డే పెట్టేది. కాకులు నీడ దొరక్క తమ నీడలో తామే కూర్చునేవి. ఆ కనుమ ఎంత నిటారంటే, ఎక్కేవాడి మోకాలు వాడి ముక్కుకే తగిలేది. పైన మీదికొట్టాల అనే ఊరు. కింద మస్తానయ్య కొట్టం. నడుమ ఏడు మలుపులు.

కొట్టమంటే ఏముంది, నాలుగు వెదురు గుంజలు, పైన బోదగడ్డి. మనిషి మరీ సన్నం. కారు కిందికి దూరాలంటే జాకీ అక్కర్లేదు, గట్టిగా ఊపిరి వదిలితే చాలు. అంతకుముందు ఎడ్లబండ్ల ఇరుసులకు కందెన పూసి బతికేవాడు. బండ్లు తగ్గి కార్లు వచ్చాయి. వాళ్లనీ వీళ్లనీ చూసి చూసి పానా పట్టడం నేర్చుకున్నాడు. చెప్పినవాడు లేడు, దిద్దినవాడు లేడు.

మంచివాడే. చీమను తొక్కితే దాని పెళ్లాం పిల్లల్ని వెతికి క్షమాపణ చెప్పి వచ్చేంత మంచివాడు. ఒక్కటే జబ్బు. "నాకు తెలియదు" అనే మాట ఆయన నోట్లో ఎన్నడూ పుట్టలేదు. గర్వం కాదు, భయం. "ఇరుసులకు కందెన పూసేవోడికి ఇంజన్ల సంగతేం తెలుసు?" అంటారేమోనని లోపల ఎప్పుడూ ఒక ఎలుక కొరుకుతూ ఉండేది. అందుకే బండి ఆగీ ఆగకముందే బానెట్టు లేపేవాడు. బండివాడు నోరు తెరిచీ తెరవకముందే "నాకు తెలుసు" అనేవాడు.

మీదికొట్టాలలో ఓబులేసు అని ఒక పిల్లగాడు, మెత్తని మనిషి. ఆ కనుమ ఎక్కి దిగే ఒకే ఒక్క కారు అతనిది. అదెంత పాతదంటే, అది కొత్తగా ఉన్నప్పుడు ఆ కొండ ఇంకా మొలవలేదంటారు. ఐదుగురు పట్టే కారులో పద్నాలుగు మందీ, రెండు మేకపోతులూ ఎక్కితే గానీ కదిలేది కాదు. పురుడొచ్చినా, పాము కరిచినా, కింది ఊళ్లవాళ్లు మీదికొట్టాల సంతకు పోవాలన్నా ఆ కారే. ఓబులేసుకు పొలం లేదు, పుట్ర లేదు. ఆ కారూ, "ఓబులేసు బండెక్కితే ఇల్లు చేరినట్టే" అని జనం అనుకునే పేరూ, ఆ రెండే అతని ఆస్తి.

ఒకనాడు మూడో మలుపులో ఆ కారు ఆవిరి కక్కింది. ఎంత ఆవిరి! పక్క ఊళ్లో ఆడవాళ్లు మబ్బేసిందనుకుని మిద్దెల మీది వడియాలు ఎత్తుకున్నారు. ఓబులేసు బండిని మెల్లగా కిందికి దొర్లించుకుని కొట్టానికి వచ్చాడు.

"మామా, తొక్కితే ఇంజను అరుస్తాది గానీ..."

"నాకు తెలుసు!" అన్నాడు మస్తానయ్య. "రేడియేటర్లో పాచి."

రేడియేటరు ఊడదీసి కడిగాడు. అందులోంచి వచ్చిన బురదతో ఎకరా మడికి నాట్లు వేసుకోవచ్చు. మళ్లీ బిగించి పంపాడు.

నాలుగు రోజులకు నాలుగో మలుపులో మళ్లీ ఆవిరి.

"మామా, అరుస్తాది గానీ, బండి..."

"నాకు తెలుసు! నీళ్లు తోసే పంపు పోయింది. ఫ్యాను బెల్టు కూడా జారతాంది."

పంపు మార్చాడు, బెల్టు మార్చాడు, పంపాడు. మరో నాలుగు రోజులకు మళ్లీ ఆవిరి.

"మామా, నీ కాళ్లు మొక్కుతా, ఒక్క మాట. అరుస్తాది గానీ, బండి మాత్రం... ఇంగ ఒకటి, కాలిన కొబ్బరిపీచు..."

"నాకు తెలుసంటాంటే!" అన్నాడు మస్తానయ్య. "థర్మోస్టాటు. నీళ్ల దారిలో చిన్న తలుపుంటాది. అది తెరుచుకోకుంటే నీళ్లు యాడికి పోతాయి?"

ఆ చిన్న తలుపు పీకి పారేశాడు. సమనేల మీద నడిపి చూశాడు. కారు జింకలా పరిగెత్తింది. "చూసినావా! ఇంగ ఢిల్లీకి పోయి రా," అన్నాడు.

ఓబులేసు ఢిల్లీకి పోలేదు. జనాన్ని నిండా ఎక్కించుకుని కనుమ ఎక్కాడు. ఐదో మలుపు దాకా పోయాడు.

బండిలో సుంకులమ్మ ఉంది. కరివేపాకు గంప పెట్టుకుని సంతలో అమ్ముకునే ముసలామె. ఆమె నాలుకతో గడ్డం గీసుకోవచ్చు, కత్తి అక్కర్లేదు.

"ఏమిరా ఓబులేసూ, మమ్మల్ని సంతకు తీసకపోతాండావా, ఆవిరి కుడుములు చేస్తాండావా?" అంది.

బండెడు జనం నవ్వారు. మేకపోతులు కూడా నవ్వాయి. ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది. ఆ కంగారులో గుడ్డ కూడా వేసుకోకుండా రేడియేటరు మూత తిప్పాడు. మూత ఆకాశంలోకి లేచింది. మరిగే నీళ్లు కుడిచేతి మీద పడ్డాయి. మోచేతి దాకా చర్మం ఊడివచ్చింది.

అతన్నీ, కారునూ కిందికి తెచ్చారు. మస్తానయ్య పరిగెత్తుకొచ్చాడు. జనం చుట్టూ మూగారు.

"ఏమప్పా, మూడు తూర్లు బాగుచేసినావే? ఏంది ఇది?"

లోపలి ఎలుక గట్టిగా కొరికింది. మస్తానయ్య ఓబులేసు చేతి వైపు చూడలేదు. జనం వైపు చూసి, "బండి బాగానే ఉంది. నడిపేవోనికే నడపడం రాదు," అన్నాడు.

ఓబులేసు ఆ మాట విన్నాడు. కోప్పడలేదు, తిట్టలేదు. తప్పు నిజంగా తనదేనేమోనని తల దించుకున్నాడు. అది చూశాడు మస్తానయ్య. కొడితే బాగుండును అనుకున్నాడు.

మాట కనుమ ఎక్కడానికి రేడియేటరు అక్కర్లేదు. రెప్పపాటులో పైకి పోయింది. ఓబులేసుకు నడపడం రాదట. మరిగే మూత తెరిచాడంటే చూసుకోండి. మనల్ని లోయలో పడేస్తాడు. ఇక అతని బండి ఎక్కేది లేదు. వచ్చే సంతనాడు అందరూ కూడి వేరే ఊరివాడి జీపు మాట్లాడుకుందాం. మీదికొట్టాలంతా ఇదే మాట.

మస్తానయ్యకు ముద్ద దిగలేదు. మూడు రోజులు తినలేదు. ముందే సన్నం, మూడో రోజుకు ఎండ ఆయన్ను దాటుకుని పోయేది, నీడ పడేది కాదు. పెళ్లాం నాగూరమ్మ చూసి చూసి విసిగిపోయింది.

"ఏందయ్యా, సంగటి ముద్దను రేడియేటరనుకుని చూస్తాండావా? ఏం జరిగింది?"

చెప్పాడు. చెప్పలేక చెప్పలేక, నేల చూస్తూ, గోడ చూస్తూ, అంతా చెప్పాడు.

నాగూరమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "ఆ పిల్లోడు మూడు తూర్లూ ఏదో చెప్పబోయినాడు గదా. ఏం చెప్పబోయినాడు?"

"నాకు తె..." అని ఆగిపోయాడు మస్తానయ్య. సంగటి ముద్ద పక్కన పెట్టి, "నాకు తెలియదు," అన్నాడు.

ఆ మాట విని కొట్టం మీది కోడిపెట్ట కిందపడింది.

"అయితే పోయి అడుగు," అంది నాగూరమ్మ.

కనుమ ఎక్కాడు. ఒక్కో మలుపుకూ నెత్తిన ఒక్కో బస్తా సిగ్గు పెరిగింది. ఏడో మలుపు దాటేసరికి ఏడు బస్తాలు. ఆ బరువుకు ఓబులేసు గుమ్మం ముందు మస్తానయ్య కూలబడ్డాడు. ఓబులేసు చేతికి కలబంద గుజ్జు పూసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"చెప్పు అల్లుడా, బండి ఏం చేస్తాంది?"

"నన్ను అడుగుతాండావా మామా? నాకు నడపడం రాదు గదా."

మస్తానయ్య తన అరచేతిని తన నోటికే అడ్డం పెట్టుకున్నాడు. ఆ చేతి వెనకనుంచే, "నాకు తెలియదు. చెప్పు," అన్నాడు.

ఓబులేసు అరుగు మీద పక్కకు జరిగి చోటిచ్చాడు. తర్వాత చెప్పాడు.

"తొక్కితే ఇంజను అరుస్తాది గానీ, బండి ముందుకు పోదు మామా. ఎగువన మాత్రమే. సమనేల మీద ఏమీ తెలియదు. అట్ల అరిచి అరిచి, కాలిన కొబ్బరిపీచు వాసన వస్తాది. నీళ్లు కాగేది ఆ తర్వాత."

"వాసన ముందా, ఆవిరి ముందా?"

"వాసనే ముందు. అన్ని తూర్లూ వాసనే ముందు."

మస్తానయ్య కళ్లు మూసుకున్నాడు. నిజం అంత చిన్న మాటలో ఉంది. మొదటి రోజే గుమ్మంలోకి వచ్చింది. తానే తలుపేశాడు.

ఇద్దరూ కిందికి దిగారు. మస్తానయ్య కారు చక్రాలకు నాలుగు బండరాళ్లు అడ్డం పెట్టాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు. ఇంజను తిప్పి, పై గేరు వేసి, యాక్సిలేటరు తొక్కి, క్లచ్చి మీది కాలు మెల్లగా తీశాడు. బాగున్న బండి అయితే అక్కడే గొంతు పట్టేసినట్టు ఆగిపోవాలి. ఇది ఆగలేదు. హాయిగా అరుస్తూనే ఉంది. కాలిన కొబ్బరిపీచు వాసన గుప్పున లేచింది.

గేరుపెట్టె దించి చూస్తే, ఇంజను బలాన్ని చక్రాలకు అందించే క్లచ్చి పళ్లెం అప్పడమంత పలచన. దాని మీద గేరుపెట్టెలోంచి కారిన నూనె. నూనె చేతుల్తో చేపను పట్టినట్టు, ఇంజను ఎంత లాగినా చక్రం జారిపోతోంది. లాగి లాగి ఇంజను వేడెక్కుతోంది. పాపం, రేడియేటరు ఏం చేసింది? పంపు ఏం చేసింది? ఓబులేసు ఏం చేశాడు?

కొత్త పళ్లెం వేశాడు, నూనె కారే చోట కొత్త సీలు వేశాడు. అంతా అయ్యాక ఓబులేసు అన్నాడు, "బండి బాగైంది గదా మామా. ఇంగ ఎవురికీ ఏం చెప్పొద్దులే."

ఆ మాట తేనెలా ఉంది. పుచ్చుకుందామని మస్తానయ్య చేయి చాచినంత పని చేశాడు. కానీ తెల్లారితే సంత. జీపు మాట్లాడుకునే రోజు.

తెల్లారగానే, "ఎక్కు," అన్నాడు.

ఓబులేసు చేయి పనికిరాదు కాబట్టి మస్తానయ్యే నడిపాడు. అదేం నడపడం! మొదటి మలుపులో బండి మూడు గంతులు వేసింది. రెండో మలుపులో ఒక గొర్రెల మంద తనంతట తాను లోయలోకి దిగి దాక్కుంది. "క్లచ్చి మీది కాలు తీయి మామా! నడపడం రానిది ఎవురికో ఇప్పుడు తెలిసింది," అన్నాడు ఓబులేసు. నవ్వుతూనే అన్నాడు. మస్తానయ్యకు చెవులు కాలిపోయాయి.

మూడో మలుపులో టీ అంగడి. పది మంది ఉన్నారు. చెప్పాలని దిగాడు. నోరు రాలేదు. మూడు గ్లాసుల టీ తాగి మళ్లీ ఎక్కాడు.

ఐదో మలుపులో అడవి గేటు. ఇరవై మంది ఉన్నారు. దిగి, "తప్పు ఓబులేసుది కాదు, కారుది," అన్నాడు. నిజం సగమే బయటికొచ్చింది. ఓబులేసు కిటికీలోంచి కొండ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఏడో మలుపు దాటితే సంత. లోకమంతా అక్కడే ఉంది. మస్తానయ్య కారు దిగి, మూసిన బానెట్టు మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు. కనుమ ఎక్కిన బానెట్టు, పెనం కంటే వేడి. చేతులు తీయలేదు.

"అయ్యలారా, అమ్మలారా. తప్పు ఓబులేసుది కాదు. కారుది కాదు. నాది. ఇతను మూడు తూర్లు చెప్పబోయినాడు. మూడు తూర్లూ నేను మాట తుంచినాను. బండికేమైందో నాకు తెలియలేదు. తెలియదని చెప్పుకోను సిగ్గుపడి ఇతని చేయి కాల్చినాను. అది చాలక ఇతని పేరు కాల్చినాను."

సంత ఆగిపోయింది. తక్కెడలు ఊగడం మానేశాయి. ఈగలు గాలిలో ఎక్కడివక్కడ నిలబడ్డాయి.

సుంకులమ్మే ముందుగా నోరు విప్పింది. "ఇంగ నీ కొట్టానికి ఎవురొస్తారప్పా?"

"రాకుంటే రావద్దు తల్లీ. ఓబులేసు బండి మాత్రం ఎక్కండి."

ఆమె ఇద్దరినీ ఎగాదిగా చూసింది. ఖాళీ గంప ఎత్తి కారులో పడేసింది. "జరగండి, నేను ముందు కూర్చుంటా," అంది. ఆమె ఎక్కిందంటే ఊరు ఎక్కినట్టే.

ఓబులేసు పేరు ఓబులేసుకు వచ్చింది. చేయి మాత్రం పూర్తిగా రాలేదు. రెండు వేళ్లు చివరిదాకా వంకరగానే ఉండిపోయాయి. ఆ చేయి ఎత్తి అతను పలకరించినప్పుడల్లా మస్తానయ్య తల దిగిపోయేది.

సుంకులమ్మ అన్నట్టే అయింది. ఏడాది పాటు కొట్టానికి ఎవరూ రాలేదు. సాలీడు కూడా విసుగొచ్చి గూడు విప్పుకుని పోయింది. ఏడాది తర్వాత ఒక లారీవాడు గతిలేక ఆగాడు. మస్తానయ్య మూసిన బానెట్టు మీద రెండు అరచేతులూ ఆనించి, "నాకు తెలియదు. చెప్పు నాయనా," అన్నాడు. లారీవాడు "అంతే" అనేదాకా చేతులు తీయలేదు. ఆ రోజునుంచి ప్రతి బండికీ అంతే. కొందరు గంట చెప్పేవారు. ఒకడు మూడు రోజులు చెప్పాడు, బండి గురించి అరపూటే, మిగతాదంతా అత్తగారి గురించి. వేడికి అరచేతులు బొబ్బలెక్కేవి. తీసేవాడు కాదు.

ముసలివాడై మస్తానయ్య పోయాడు. కనుమ మొదట్లో, దారి పక్కన పూడ్చారు. ఓబులేసు ఒక నల్లరాయి తెచ్చి తలవైపు పాతాడు. కొన్నాళ్లకు అతని కారుకు మళ్లీ ఏదో వచ్చింది. కొత్త మెకానిక్కు మాట మధ్యలో తుంచాడు. ఓబులేసు వెళ్లి రాయి ముందు కూర్చుని, ఏది ముందో ఏది తర్వాతో మొదటినుంచీ చెప్పుకున్నాడు. చెప్పడం అయ్యేసరికి జబ్బేదో అతనికే తెలిసిపోయింది.

ఈనాటికీ ఆ కనుమ కింద మంచి మెకానిక్కులు బండి రాగానే మూసిన బానెట్టు మీద చేతులు పెట్టి, "చెప్పు నాయనా" అంటారు. ఆ వైపు ఊళ్లలో ఎవరైనా ఎదుటివాడి మాట తుంచితే, "చెయ్యి బానెట్టు మీద పెట్టు" అంటారు. మొగుడూ పెళ్లాలు కూడా అనుకుంటారు.

ఇక ఆ రాయి దగ్గర ఎప్పుడు చూసినా ఒక బండి ఆగి ఉంటుంది, ఒక మనిషి కూర్చుని చెప్పుకుంటూ ఉంటాడు. ఆ రాయి ఇంతవరకూ ఎవరికీ బదులు చెప్పలేదు, ఎవరి మాటా తుంచలేదు. అయినా కడదాకా చెప్పుకున్నవాళ్లలో సగం మంది, తప్పు ఎక్కడుందో తెలుసుకుని, కొంచెం సిగ్గుపడుతూ లేచి, బండెక్కి ఇంటికి పోతారు.