ఆచారిగారి రాగిరేకు

మాదయ భూపతి తలపాగా మీద ఒక్క వానచుక్క పడింది. అంతే, కొలువంతా అల్లకల్లోలం!

పడింది ఎక్కడ? రాజుగారి తాత కట్టించిన కొలువు మండపంలో. "ఈ పాత కొంపలో ఇంకెన్నాళ్ళు? దీన్ని కొత్తగా మెరిసిపోయేట్టు చెయ్యండి!" అని రాజు మండిపడ్డాడు.

ఆస్థాన శిల్పి విరూపాచారి ఈ మాట కోసమే కాచుక్కూర్చున్నాడు. కొలువుకి ఎప్పుడొచ్చినా ఆయన వెండిపళ్ళెంలో ఒక రాగిరేకు పట్టుకొస్తాడు. రాజుగారి తాత ఆచారి తాతకి మాన్యం రాసిచ్చిన శాసనం అది. చూడనివాడు లేడు, అయినా చూపిస్తాడు.

"కప్పు కూలగొట్టి, గోడల గచ్చంతా గీకేసి, స్తంభాలు మళ్ళీ చెక్కిస్తాను ప్రభూ. అచ్చం తాతగారి మండపమే! కాకపోతే ఇంకాస్త అందంగా."

తాంబూలం అందిస్తున్న కోనప్ప చెయ్యి ఆగిపోయింది. ఆ గచ్చు పూసింది అతని తాత. ముసలాయన తాపీ గీతలు గోడమీద ఇప్పటికీ ఉన్నాయి. రోజూ వాటిని ఓసారి తడిమిగానీ కోనప్ప పనిలోకి దిగడు. ఇప్పుడవి కాస్తా పోతాయి. కానీ తాంబూలం అందించేవాడి ఏడుపు వినేదెవరు? అందుకని నవ్వాడు.

"భేషైన ఆలోచన ప్రభూ! పనిలో పనిగా ఆచారిగారి రేకు కూడా బాగుచేయిద్దాం. చిలుం పట్టింది, మూల వంగింది. కరిగించేసి కొత్తది చేయిస్తే సరి. అక్షరాలు అవే, ఇంకాస్త గుండ్రంగా."

రాజుకి ముచ్చటేసింది. "ఏదీ, ఇలా తే!"

ఆచారి పళ్ళెం వదిలేసి రేకును గుండెకి కరుచుకున్నాడు. "అయ్యయ్యో, వద్దు ప్రభూ! కరిగిస్తే ఇంకేం మిగులుతుంది?"

"అక్షరాలు అవేగా ఆచారిగారూ?" అన్నాడు కోనప్ప.

"అక్షరాలు ఎవడైనా చెక్కుతాడయ్యా! తాతగారి చేతిమీదుగా వచ్చింది ఈ రేకు! చిలుమున్నా, వంకరున్నా ఇదే కావాలి. కొత్తది చూపిస్తే రేపు నన్నెవడు నమ్ముతాడు?"

కోనప్ప రాజువైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"మండపానికి నోరు లేదు ప్రభూ. దాని తరఫున ఆచారిగారే చెప్పేశారు."

రాజు ఆచారి గుండెకి కరుచుకున్న రేకునీ, గోడ గచ్చునీ మార్చి మార్చి చూశాడు. తర్వాత తలపాగా జారిపోయేలా నవ్వాడు.

"ఆచారీ, కారేచోట మాత్రం గచ్చు పూసి ఊరుకో."

"అతుకు కనబడుతుంది ప్రభూ..."

"కనబడనీవయ్యా. మా తాత చేయించిందేదో, నువ్వు చేసిందేదో చూసేవాడికి తెలియాలి."

అని తన ముంజేతి బంగారు కడియం తీసి కోనప్ప ముందు పెట్టాడు. "ఇదీ మా తాతదేరా. నిండా గీతలు. మెరుగు పెట్టించి ఇవ్వనా?"

"అమ్మో, వద్దు ప్రభూ!" అంటూ కోనప్ప గబుక్కున అందుకున్నాడు.

కొలువంతా ఘొల్లుమని నవ్వింది. ఆచారి కూడా నవ్వాడు, రేకు మీంచి మాత్రం చెయ్యి తియ్యలేదు.