పొలిమేరమ్మ దారిలో పల్లేరుకాయ

ఒకానొక రాజ్యం ఉండేది. పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. పేరు నడిమివాక. దానికి ఉత్తరాన ఒక పెద్ద రాజ్యం, ఏటికి అవతల మరొకటి. రెండూ ఏటేటా సేనలు పెంచుకుంటున్నాయి.

ఆ భయంతో విజయకేసరి మహారాజు కోటగోడను రెండింతలు ఎత్తు చేయించాడు. తనకు బంగారు కవచం చేయించుకున్నాడు. ఏటి రేవుల్లో ఉండే మూడువందల మంది పొలిమేర కావలివాళ్ళనూ రప్పించి కోట చుట్టూ నిలబెట్టాడు.

కొలువులో నూకన్న అనే సలహాదారు ఉండేవాడు. రేవు పక్క ఊళ్ళో పుట్టినవాడు.

"ప్రభూ! కావలి ఎత్తేసిన నెలలోనే రెండు ఊళ్ళ పశువులను తోలుకుపోయారు. రేపు మనుషులను తోలుకుపోతారు" అన్నాడు.

"రాజు భద్రంగా ఉంటే రాజ్యం భద్రమే. నన్ను తాకగలవాడెవడోయ్?"

"తాకనక్కరలేదు ప్రభూ. ఆపితే చాలు."

సభ గొల్లుమంది. రాజుకు పౌరుషం వచ్చింది.

"అయితే ఎల్లుండి పొలిమేరమ్మ జాతరలో నన్ను ఒక్క గడియ ఆపు! కత్తి పట్టకూడదు, మనిషిని పెట్టకూడదు. ఆపితే నీ కావలివాళ్ళను పంపేస్తాను. ఆపలేకపోతే నువ్వే పొలిమేర దాటి పోవాలి."

"చిత్తం" అన్నాడు నూకన్న.

ఏం చేస్తాడోనని ఊరంతా అతణ్ణి కనిపెట్టి చూసింది. అతడు ఏమీ చేయలేదు. రెండు రోజులూ అరుగు మీద కూర్చుని వక్కలు కత్తిరించుకున్నాడు.

జాతర నాడు ఆచారం ప్రకారం రాజు అమ్మవారి ఘటం నెత్తిన పెట్టుకుని, వట్టికాళ్ళతో పొలిమేర రాయికి బయలుదేరాడు. ఒంటి మీద కవచం ధగధగలాడుతోంది. చుట్టూ వందమంది భటులు.

సగం దారిలో "అబ్బా!" అన్నాడు. అరికాలిలో పల్లేరుకాయ! రెండో కాలు వేస్తే అక్కడా పల్లేరే. దారి పొడవునా అదే.

ఘటం దించకూడదు. ఘటం మోసేవారిని పొలిమేర కావలివాడు తప్ప ఇంకెవరూ తాకకూడదు. భటులు దూరంగానే ఆగిపోయారు. వాళ్ళలో ఒకడు గుర్రం మీద కోటకు పోయి ముసలి కావలివాడు ఎర్రప్పను తెచ్చేసరికి రెండు గడియలు పట్టింది. అంతసేపూ మహారాజు ఎండలో ఒంటికాలి మీద కొంగలా నిలబడ్డాడు.

"ద్రోహీ! ముళ్ళు చల్లించావా?" అని వెంట వచ్చిన నూకన్న మీద గర్జించాడు.

"ఒక్క ముల్లూ చల్లలేదు ప్రభూ. పల్లేరు దానంతటదే మొలిచింది. ఏటా ఈ దారి ఊడ్చేది ఎవరో ఎర్రప్పను అడగండి."

ముల్లు తీస్తూనే ఎర్రప్ప నసిగాడు. "మేమే దొరా. ఈ ఏడు తమరి కోట చుట్టూ నిలబడ్డాం గదా!"

"కవచం గుండెకు ఉంది ప్రభూ, ముల్లు కాలికి గుచ్చుకుంది. మన రేవులు రాజ్యానికి కాళ్ళు" అన్నాడు నూకన్న.

రాజు ఒక్క క్షణం ఉరిమి చూశాడు. తర్వాత నెత్తిమీద ఘటం ఊగిపోయేలా నవ్వాడు.

"ఓడానోయ్! కావలివాళ్ళు ఈ పూటే రేవులకు పోతారు. మరి నీకేం కావాలి?"

"ఆ కవచం ప్రభూ."

"తొడుక్కుంటావా?"

"అమ్మేసి మూడువందల మందికీ చెప్పులు కుట్టిస్తాను. రేవు దారుల్లోనూ పల్లేరు ఉంది."

రాజు అక్కడికక్కడే ఎర్రప్ప చేత కవచం విప్పించి ఇచ్చాడు. మిగిలిన దారి ఎర్రప్ప ముందు ఊడుస్తుంటే, రాజు వెనక ఒక్కో అడుగూ చూసుకుంటూ నడిచాడు.