చేతులు కట్టే గుట్ట

"మట్టి ఉయ్యాలలోని మందారబొమ్మా,
వాన పిలిచే దాకా లేవకే అమ్మా..."

ఆ తర్వాతి పాదం ఎంత తలచుకున్నా రావడం లేదు. నా చిన్నప్పుడు ఈ గుట్టకు నడిచివచ్చే ఆడవాళ్లు పాడేవారు. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. అప్పటికే పాట సగం పోయింది.

గుట్టమ్మ గుడి చిన్నది. లోపల విగ్రహం ఉండదు, కూర్చున్న మనిషిలాంటి నల్లరాయి ఉంటుంది. గుడి వెనుక వాలు ఏడాదిలో చాలా నాళ్లు బీడే. ఎండలు ముదిరి తొలి వాన పడితే చాలు, ఆకైనా లేకుండా ఎర్రని పూలబంతులు నేలను చీల్చుకుని లేస్తాయి. పట్నంవారు మే పువ్వులంటారు, మేకలవాళ్లు నిప్పుబంతులంటారు. ఇక్కడ మాత్రం ఆ పేర్లేవీ పలకరు.

పూర్వం ఇక్కడ సూరమ్మ అనే మేకలకాపరి ఇల్లాలు ఉండేది. ఆమె తొలిచూలు ఆడబిడ్డ, పేరు పెట్టే రోజు రాకముందే కన్నుమూసింది. ఊరి పసిబిడ్డలందరినీ పూడ్చే ఈ వాలులోనే ఆ బిడ్డనూ పూడ్చారు. సూరమ్మ ఏడుపు ఆగలేదు.

"ఊరుకోవే! పేరైనా లేని పిల్లను ఏమని పిలిచి ఏడుస్తావు?" అంది అత్త.

"పేరుంది అత్తా. మనసులో అనుకున్నాను."

"అయితే మనసులోనే ఉంచుకో. మేకలు అరుస్తున్నాయి, పో."

సూరమ్మ కలలోకి గుట్టమ్మ వచ్చింది. "నీ బిడ్డ నా ఒడిలో ఉంది. తొలి వానకు పువ్వై లేస్తుంది. నువ్వు పెట్టిన పేరుతో పిలుచుకో. అందాకా మట్టి కదపకు" అని చెప్పింది.

సూరమ్మ రోజూ వచ్చి చూసేది. చలి పోయింది, గడ్డి మాడింది, నేల నెర్రెలు విచ్చింది. ఈ ఎండకు బిడ్డ లోపల ఏమైపోతుందోనని తాళలేక ఒకనాడు చేతులతోనే తవ్వింది. ఉల్లిగడ్డలాంటి దుంప, దాని నెత్తిన ఎర్రని మొలక కనబడ్డాయి. బతికే ఉంది! ఆ సంతోషంలో ఇంకాస్త మట్టి తీయబోతే గోరు తగిలి మొలక పుటుక్కున విరిగింది.

మర్నాడే వాన పడింది. వాలంతా పూచింది, ఆ ఒక్క చోటు తప్ప.

సూరమ్మ పూలన్నింటినీ తన బిడ్డ పేరుతోనే పిలిచింది, ఒక్కటైనా ఇటు తిరుగుతుందేమోనని. పూలు వాడిపోయినా ఆమె లేవలేదు. కూర్చున్న చోటే రాయైంది. గుడిలోని నల్లరాయి అదేనంటారు. ఆ పేరేమిటో నేడు ఎవరికీ తెలియదు.

అందుకే నేటికీ, బిడ్డను పోగొట్టుకుని వచ్చిన తల్లి రెండు చేతులనూ పూజారమ్మ పసుపుదారంతో కడుతుంది. మట్టి తాకకూడదు, పువ్వు కోయకూడదు. తాను అనుకున్న పేరుతో పూలను పిలుచుకోవడమే ఇక్కడి పూజ. మొక్కితే కడుపు పండుతుందని కొందరంటారు. నాకు తెలిసి పోయిన బిడ్డ ఎవరికీ తిరిగి రాలేదు. అయినా ఏటా వస్తారు, పిలుస్తారు.

నా పిల్లవాడు కన్నుమూసిన ఏడు నేనూ వచ్చాను. అప్పటికి ఇంటా బయటా అందరూ ఊరుకోమన్నవాళ్లే. పూల ముందు కూర్చుని వాడి పేరు పెదవుల్లోనే గొణిగాను. పూజారమ్మ గంగులమ్మ దారం ముడివేసి నా చెవి దగ్గరకు వంగింది. మరుసటి ఏటికి ఆమె లేదు. అప్పుడు ఆమె నాతో అన్న కడపటి మాట ఇదే:

"గట్టిగా పిలువు తల్లీ. ఇక్కడ నిన్నెవరూ ఊరుకోమనరు."