గుడ్లగూబల బడి నియమం

ఏటి అవతల రాతిగుట్ట నీడలో అడవి పిల్లల బడి ఒకటుండేది. హెడ్మాస్టరు నక్క. పాఠాలు చెప్పేది భద్రయ్య అనే ఎద్దు. దానికి ఒక కొమ్ము సగానికి విరిగి ఉంటుంది. నక్క సంతకాలు పెట్టేది, మిగతా పనంతా ఎద్దు చేసేది. ఇలాంటి బళ్లు మీరూ చూసే ఉంటారు.

పిల్లలందరి చేతుల్లోనూ ఫోన్లే. మేకపిల్ల, కుందేలు, ఉడుత, అందరూ తలలు వంచుకుని కూర్చునేవారు. ఒకరోజు భద్రయ్య పాఠం మధ్యలో ఆపేసి చూసింది. ఒక్క తలా లేవలేదు. బయటికెళ్లి, ఏట్లో నీళ్లు తాగి, తీరిగ్గా తిరిగొచ్చింది. వెళ్లినట్టు ఎవరికీ తెలియదు, వచ్చినట్టూ తెలియదు. బీడులో ఒక్కటే మేసిన రోజుల్లో కూడా భద్రయ్య ఇంత ఒంటరితనం ఎరగదు.

ఆ వానాకాలమే సింహం కొలువులో చట్టం వచ్చింది. ప్రతి బడీ పిల్లల ఫోన్ల గురించి ఒక నియమం రాసుకుని గుమ్మానికి కట్టాలి. ఏం రాయాలన్నది బడి ఇష్టం. రాయకపోయినా, రాసింది తప్పినా హెడ్మాస్టరు ఉద్యోగం ఊడుతుంది.

"తల్లిదండ్రుల్ని పిలిచి, అందరం కూర్చుని రాద్దామండీ," అంది భద్రయ్య ఆశగా.

"చట్టం నియమం ఉండాలంది భద్రయ్యా, మంచి నియమం ఉండాలనలేదు. ఆ మీటింగులూ, టీలూ ఎవరు పడతారు?"

నక్క గుట్ట వెనకున్న గుడ్లగూబల బడికి పోయి, అక్కడి గుమ్మానికున్నది మక్కికి మక్కి దించుకొచ్చింది. సాయంత్రం పొద్దు గూకింది మొదలు తెల్లారేదాకా, బడిలో ఎవరి ఫోనైనా, పిల్లలదైనా పెద్దలదైనా, చెట్టు తొర్రలో ఉండాలి. అదీ నియమం.

భద్రయ్య రెండుసార్లు చదివింది. "ఇది రాత్రి బడి నియమం కదండీ. మన పిల్లలు పొద్దుండగానే ఇళ్లకు పోతారు."

"కోడిగుడ్డు మీద ఈకలు పీకకు. రాసింది రాసినట్టు పాటించు, చాలు."

"సరేనండీ," అంది భద్రయ్య.

పగలు బడి ఎప్పటిలాగే సాగింది. వంగిన తలలు వంగే ఉన్నాయి. పిల్లలు వెళ్లిపోయారు, పొద్దు గూకింది. నక్క కాపురం బడి ఆవరణలోనే, వెనకవైపు బొరియలో. అక్కడ చేరగిలబడి ఫోను తీసిందో లేదో, భద్రయ్య వచ్చి నిలబడింది.

"ఇలా ఇవ్వండి."

"నాదెందుకయ్యా?"

"పెద్దలదైనా అని గుమ్మానికి మీరే కట్టారు. తప్పితే ఉద్యోగం పోతుందండీ. మీదే."

నక్క కక్కలేక మింగలేక ఇచ్చింది. భద్రయ్య ఫోను తొర్రలో పెట్టి, దానికి అడ్డంగా పడుకుంది. నక్కకు పెళ్లాం పిల్లలు లేరు, చేసుకున్న స్నేహాలూ లేవు. ఉన్న కాలక్షేపమల్లా ఆ ఫోనే. తొర్ర ఎదురుగా కూలబడి కాసేపు ఈగలు తోలుకుంది.

"భద్రయ్యా, ఏదైనా మాట్లాడవయ్యా."

ఎద్దు తల దించుకుని నెమరేస్తోంది.

"నిన్నేనయ్యా. ఎదురుగా కూర్చుని పిలుస్తుంటే తలెత్తవేం?"

"పగలంతా నేనూ అదే అనుకుంటానండీ," అంది భద్రయ్య, తలెత్తకుండానే.

ఆ వారమంతా సాయంత్రాలు అలాగే గడిచాయి. తన గొంతు తనకే వినపడుతుంటే నక్కకు ఏడుపొచ్చినంత పనైంది. చివరికి తనే తల్లిదండ్రుల్ని పిలిచింది, టీలూ పోయించింది. బడి గంట మొదలు ఇంటి గంట దాకా ఫోన్లన్నీ తొర్రలో ఉండాలని అందరూ కలిసి రాశారు. 'పెద్దలదైనా' అన్న మాట మెల్లగా కొట్టేద్దామని చూసింది గానీ, మేకపిల్ల తల్లి మేకమ్మ ఒప్పుకోలేదు.

మర్నాడు తరగతిలో తలలన్నీ లేచే ఉన్నాయి. ఎటు చూడాలో తోచక పిల్లలు మాస్టారి వంకే చూశారు. ఉడుతపిల్ల చెయ్యెత్తింది.

"మాస్టారండీ, మీ కొమ్ము ఎప్పుడు విరిగిందండీ?"

ఎన్నాళ్లకో వచ్చిన ప్రశ్న.

"పోయిన వేసవిలోనమ్మా. గుట్ట మీంచి రాయి దొర్లి తగిలింది. మీకు పాఠం చెప్తుండగానే."

నీతి: పైవాళ్లకు చూపడానికి రాసిన నియమం గుమ్మానికే పనికొస్తుంది, పిల్లల మొహాలు చూసి రాసిందే పిల్లలకు పనికొస్తుంది.